ఒడ్డు చేరాక చెప్పే కబురు

కమాండర్ గారికి చెడ్డకబురు చెప్పకూడదని ఆ ఇంట్లో పనిమనిషి మొదలుకుని ప్లంబరు దాకా అందరికీ తెలుసు. ఎందుకు చెప్పకూడదని ఎవరూ అడగలేదు. పైకప్పు కారితే, ఆయన పొద్దున్నే నడకకు వెళ్ళాక మేస్త్రీ వచ్చి పూత పూసి వెళ్ళేవాడు. పెంపుడు కుక్క లారీ కింద పడితే, "తోట ఉన్నవాళ్ళెవరో అడిగితే ఇచ్చేశామండీ, అక్కడైతే పరిగెత్తడానికి చోటుంటుంది" అంది భార్య. ఆయన సరే అన్నాడు. సముద్రంలో వినబడే ప్రతి చప్పుడునీ అనుమానించడం ఆయన ఉద్యోగం. ఇంట్లో చెప్పిన ప్రతి మాటనీ నమ్మడం ఆయన అలవాటు.

ఆయన తండ్రి దర్జీ. స్టేషను ఎదురు సందులో ఒక మిషను, ఒక నిలువుటద్దం, ఒక కుర్చీ పట్టేంత కొట్టు. కొడుకు నౌకాదళంలో ఆఫీసరుగా ఎంపికైనప్పుడు మొదటి తెల్ల యూనిఫాం ఇంకెవర్నీ ముట్టుకోనివ్వలేదు, తనే కుట్టాడు. లోపలి మడతల్లో బోలెడు గుడ్డ వదిలాడు.

"ఇంత గుడ్డ లోపల దాచావేంటి నాన్నా? వీపు మీద మూటలా ఉంది."

"ఆఫీసరువిరా. ఇవాళ చీపురుపుల్లలా ఉన్నావు గానీ రేపు పొట్ట రాదూ? అప్పుడు విప్పుకుందువుగాని."

పొట్ట వచ్చేలోపు ఆయన సబ్‌మెరీన్లలో చేరాడు. అక్కడ పొట్టకే కాదు, దేనికీ చోటు లేదు. ఒక ఇనప గొట్టంలో నలభై మంది. ఒకడు లేచిన పక్క చల్లారకముందే ఇంకొకడు దాని మీద వాలతాడు. బయల్దేరేటప్పుడు నడవా పొడుగునా బంగాళాదుంపల బస్తాలు పరిచి వాటి మీదే నడుస్తారు. తినగా తినగా అసలు నేల కాలికి తగులుతుంది, అప్పటిదాకా అందరూ నడుము వంచే తిరగాలి. డీజిల్ వాసన చర్మంలోకి ఇంకిపోతుంది. ఆయన ఇంటికొచ్చిన రోజు భార్య గుమ్మంలోనే ఆపేసేది. "ముందు స్నానం. తర్వాతే మొగుడు."

నీళ్ళ కిందికి వెళ్ళిన సబ్‌మెరీన్ వినగలదు గానీ మాట్లాడకూడదు. మాట్లాడితే ఎక్కడుందో బయటపడిపోతుంది. ఒడ్డు నుంచి వారానికోసారి ఇంటి కబుర్లు వస్తాయి, మనిషికి నాలుగు వాక్యాలు. జవాబు పంపడం ఉండదు. అందుకని బయల్దేరే ముందు కెప్టెన్ ప్రతివాణ్ణీ విడిగా పిలిచి, తలుపు వేసి, ఒక ప్రశ్న అడుగుతాడు. "ఇంటి దగ్గర ఎవరికైనా ఏదైనా అయితే అప్పుడే చెప్పమంటావా, ఒడ్డు చేరాక చెప్పమంటావా?"

ఆయన మొదటిసారే ఒడ్డు చేరాక అన్నాడు. ఆలోచించుకోవడానికి కూడా ఆగలేదు. "వెనక్కి తిరగలేనప్పుడు తెలుసుకుని లాభమేంటి సార్?"

ఇంటికొచ్చి అదే మాట భార్యకీ చెప్పాడు.

"అంటే ఇల్లు తగలబడినా రాయొద్దంటారు."

"రాయొద్దు."

"సరేలెండి. మేం చలి కాచుకుంటాం."

పెళ్ళైన ఐదో ఏట, ఆయన సముద్రంలో ఉండగా, దర్జీ ఒక మధ్యాహ్నం మిషను మీద తల వాల్చి మళ్ళీ ఎత్తలేదు. చంటిపిల్లను చంకన వేసుకుని కోడలే అన్నీ చూసుకుంది. కొట్టు ఖాళీ చేసింది, మిషను అమ్మింది, కుట్టడానికిచ్చిన గుడ్డల్ని ఎవరివి వాళ్ళకు తిరిగిచ్చింది. వారంవారం మామగారి ఊసు లేకుండా నాలుగు వాక్యాలు నింపింది. సబ్‌మెరీన్ తిరిగొచ్చిన రోజు రేవులో అందరితోపాటు గొడుగు వేసుకుని నిలబడింది. ఇంటికొచ్చాక స్నానానికి నీళ్ళు పెట్టి, టీ ఇచ్చి, కప్పు ఖాళీ అయ్యాక చెప్పింది.

"ఎప్పుడు?"

"మీరు వెళ్ళిన రెండో వారం."

ఆ వారం సబ్‌మెరీన్లో ఎవరిదో పుట్టినరోజు. వైద్యుడి రబ్బరు చేతితొడుగు ఊది నెత్తిన పెట్టుకుని, కోడిపుంజులా కూసి అందర్నీ నవ్వించింది ఆయనే. ఖాళీ కప్పు కింద పెట్టాడు. తర్వాత తలెత్తి, "చెప్పకపోవడమే నయమైంది. మంచి పని చేశావు" అన్నాడు.

ఆ రోజు ఆయన ఏడ్చి ఉంటే, నాకెందుకు చెప్పలేదని కప్పు విసిరికొట్టి ఉంటే, ఆ ఇంటి కథ ఇంకోలా నడిచేదేమో. ఆయన మెచ్చుకున్నాడు. మెచ్చుకున్న పనిని ఎవరైనా మళ్ళీ చేస్తారు.

కొన్నాళ్ళకు పదోన్నతి వచ్చింది. తెల్ల యూనిఫాం ఒంటికి బిగిసింది. భార్య మడతలు విప్పింది. లోపల్నుంచి వచ్చిన గుడ్డ, పైన ఏళ్ళ తరబడి ఉతికిన గుడ్డ కన్నా తెల్లగా ఉంది. వీపు మీద రెండు చారలు పడ్డాయి. "కొత్తది కుట్టించుకోండి" అంది ఆమె. ఆయన కుట్టించుకోలేదు. తండ్రి గురించి ఆయన పడ్డ దుఃఖమంతా కంటికి కనిపించింది ఆ రెండు చారల్లోనే.

కూతురికి ఏడేళ్ళు వచ్చేసరికి ఆయన ఒక సబ్‌మెరీన్‌కి కెప్టెన్ అయ్యాడు. ఇప్పుడు తలుపు వేసి ఆ ప్రశ్న అడిగేది ఆయనే. వారం కబుర్లు ముందు ఆయన చేతికే వస్తాయి. వాటిలో నవ్వొచ్చేవి ఏరి, రాసినవాళ్ళు కోపం తెచ్చుకోరనుకున్నవి స్పీకర్లో చదివి, చివర "ఇళ్ళ దగ్గర అంతా క్షేమం" అని ముగించేవాడు. కుర్రాళ్ళు ఆయనకు క్షేమం సార్ అని పేరు పెట్టారు. ఆ సంగతి ఆయనకు తెలుసు, లోలోపల ముచ్చటపడేవాడు కూడా.

వంటవాణ్ణి అందరూ గరిటె అనేవారు. మనిషి సన్నగా పొడుగ్గా, తల మాత్రం గుండ్రంగా ఉండేవాడు. రెండు పొయ్యిలున్న గూట్లో నిలబడి నలభై మందికి మూడు పూటలా వండేవాడు. వంట అంతంత మాత్రం, నోరు మాత్రం అమృతం. "సూపులో ఉప్పు తక్కువైందిరా" అంటే, "చుట్టూ ఉన్నదంతా ఉప్పేగా, కిటికీ తియ్యి" అనేవాడు. బయల్దేరే ముందు ప్రశ్న అడిగితే అతను ఒక్కడే నవ్వకుండా జవాబిచ్చాడు. "చెప్పండి సార్. మా అమ్మ ఒక్కతే ఉంటుంది. ఏదైనా అయితే నాకు తెలియాలి."

దారిలో ఉండగా కబురు వచ్చింది. గరిటె తల్లి పోయింది. కెప్టెన్ గదిలో కూర్చుని ఆ కాగితాన్ని రెండుసార్లు చదివాడు. ఇంకా మూడు వారాల పని మిగిలి ఉంది. నలభై మంది తిండీ, అంతకన్నా ముఖ్యంగా నలభై మంది నవ్వూ ఆ ఒక్కడి చేతిలో ఉన్నాయి. చెప్పమని అడిగినా సరే, చెప్పాలా వద్దా అన్నది చివరికి కెప్టెన్ ఇష్టం. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

అదే వారం ఆయనకు ఇంటి నుంచి వచ్చిన నాలుగు వాక్యాల్లో ఒకటి ఇలా ఉంది. "మన పాప ఎడమ చేత్తో కూడా రాయడం నేర్చుకుంది." పట్టరాని సంతోషంతో స్పీకర్లో చదివేశాడు. వంటగూటి మీదుగా వెళ్తుంటే గరిటె బయటికి తల పెట్టి, "రెండు చేతులా సంతకాలు పెడుతుందంటే పెద్ద ఆఫీసరే సార్, మీ కుర్చీకి ఎసరు పెట్టేస్తుంది" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు ఘొల్లుమన్నారు. కెప్టెనూ నవ్వాడు. నవ్వుతూ జేబు తడుముకుని ముందుకెళ్ళిపోయాడు.

రేవు చేరాక గరిటెను పిలిచి, కూర్చోమని, కబురు చెప్పాడు. అతను కూర్చోలేదు.

"నేను చెప్పమన్నాను సార్."

"అన్నావు. చెప్తే ఏం చేసేవాడివి? వెళ్ళలేవు. ఒక్క మాట పంపలేవు."

"ఏడ్చేవాణ్ణి సార్."

కెప్టెన్ జేబులోంచి మడిచిన కాగితం తీసి బల్ల మీద పెట్టాడు.

"ఉల్లిపాయలు తరిగేది నేనేగా. మీకెవరికీ తెలిసేది కూడా కాదు." గరిటె గుమ్మం దాకా వెళ్ళి తిరిగి చూశాడు. "మా అమ్మ పోయాక మూడు వారాలు జోకులేసుకుంటూ తిరిగాను సార్. అది మీరు నాతో చేయించారు."

అతను బదిలీ అడిగి వెళ్ళిపోయాడు. కెప్టెన్‌కి కోపం వచ్చింది, తర్వాత తగ్గింది. తనది సరైన నిర్ణయమనే అనుకున్నాడు. ఎంతగా అనుకున్నాడంటే, తర్వాత శిక్షణ బడిలో పాఠాలు చెప్పేటప్పుడు ఈ కథనే ఉదాహరణగా చెప్పేవాడు. ఇతరుల కబుర్లు జేబులో మోయగలిగినవాడే కెప్టెన్ అనేవాడు. ఉల్లిపాయల మాట మాత్రం పాఠంలోకి రానిచ్చేవాడు కాదు.

ఉద్యోగం అయిపోయాక ఊరి చివర రెండు గదుల ఇల్లు కట్టుకున్నారు. కూతురికి పెళ్ళై వేరే ఊళ్ళో ఉంటోంది. ఆయన పాత రేడియోలు కొనుక్కొచ్చి, బల్ల మీద విప్పి, బాగుచేసేవాడు. చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుంటే పిడుగు పడ్డా పలకడు. భార్య ఇల్లు ఎప్పట్లాగే నడిపేది. ఆయన ఒడ్డు చేరి ఏళ్ళవుతున్నా ఇంట్లో ఎవరూ ఆయన్ను ఒడ్డు ఎక్కించలేదు. ఆయనా ఎక్కించమని అడగలేదు.

ఒక ఏడాదిలో ఆమె కొంచెం చిక్కింది. మధ్యాహ్నాలు పడుకోవడం మొదలుపెట్టింది. "డ్యూటీలో నిద్రపోతే మా దగ్గర జైలే" అని ఆయన వేళాకోళం చేసేవాడు. టీ చల్లగా ఇస్తోందని సణిగేవాడు. ఆమె తరచూ అక్కగారింటికి వెళ్ళొస్తానని చెప్పి వెళ్ళేది. కూతురు ఎప్పుడూ లేనిది నెలకోసారి వచ్చిపోయేది. వచ్చినప్పుడల్లా కొత్త సినిమా కబుర్లు చెప్పేది. ఈ మధ్య పిల్లకి మన మీద ప్రేమ ఎక్కువైందని ఆయన పొంగిపోయేవాడు.

ఒకరోజు మధ్యాహ్నం ఆయన రేడియో లోపల సన్నటి తీగకు టంకం పెడుతున్నాడు. ఆమె వచ్చి గుమ్మంలో నిలబడింది. తలుపు చెక్క మీద వేలితో గీస్తూ ఉండిపోయింది. తలెత్తితే చెయ్యి కదులుతుందని ఆయన తలెత్తలేదు. ఒక చెవి మీది హెడ్‌ఫోన్ మాత్రం కాస్త జరిపి, స్పీకర్లో చదివే గొంతుతో, "ఏంటమ్మా, ఇళ్ళ దగ్గర అంతా క్షేమమేనా?" అన్నాడు.

ఆమె నవ్వింది. "క్షేమమేనండీ" అని వెళ్ళిపోయింది.

చలికాలం చివర్లో ఆమె వంటింట్లో పడిపోయింది. ఆసుపత్రిలో డాక్టరమ్మ ఆయన్ను పక్కకు పిలిచి, ఇక ఎక్కువ సమయం లేదని, పోయినేడు చెప్పినట్టే జరుగుతోందని చెప్పింది.

"పోయినేడు ఎవరికి చెప్పారు?"

డాక్టరమ్మ ఆయన వంకా, నడవాలో బెంచీ మీద కూర్చున్న కూతురి వంకా చూసింది. కూతురి పక్కనే ఉన్న వదిన లేచొచ్చింది. భార్యకు అక్క. నోట్లో నువ్వుగింజ నానని మనిషి, ఏడాదికి పైగా నోరు కుట్టేసుకుంది.

"చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది మరిదిగారూ. ఆయన ఉద్యోగంలో ఉన్నప్పట్నుంచీ అలవాటక్కా, తట్టుకోలేరు అంది."

"ఒకే ఇంట్లో ఉన్నాం వదినా!"

"అదే నేనూ అన్నాను. నీళ్ళ అడుగున చేప తోకాడిస్తే వినిపించేదట ఆయనకి, పక్కగదిలో నువ్వు దగ్గితే వినిపించదుటే, అన్నాను." అప్పటిదాకా కోపంగా ఉన్న ఆవిడ గొంతు అక్కడ విరిగింది. "వినిపించనివ్వనక్కా అంది. దిండు అడ్డం పెట్టుకుని దగ్గేదయ్యా."

అప్పటికే భార్యకు స్పృహ లేదు. ఆమె చెయ్యి పట్టుకుని మూడు రోజులు కూర్చున్నాడు. ఆయన చెప్పాల్సినవీ అడగాల్సినవీ చాలా ఉన్నాయి. వినేవాళ్ళు, చెప్పేవాళ్ళు లేరు.

అన్నీ ముగిసి చుట్టాలు వెళ్ళిపోయాక, ఎవరూ అనుకోని పని ఒకటి చేశాడు. రేవు పక్క వీధిలో గరిటె చిన్న హోటలు నడుపుతున్నాడని విని వెతుక్కుంటూ వెళ్ళాడు. పెద్దవాడైపోయిన గరిటె గల్లా దగ్గర కూర్చుని ఉన్నాడు. తల ఇప్పుడు మరీ గుండ్రంగా ఉంది. లేచి సెల్యూట్ కొట్టలేదు. కుర్చీ లాగి, టీ తెప్పించాడు. ఆయన జరిగిందంతా చెప్పాడు. గరిటె గాజుగ్లాసు అటూ ఇటూ తిప్పుతూ విన్నాడు.

"ఎన్నాళ్ళు దాచారు సార్?"

"ఏడాది పైనే. ఆ ఏడాదంతా నేను టీ చల్లగా ఉందని గొణుగుతూ తిరిగాను."

"నాకు మూడు వారాలే" అన్నాడు గరిటె. అందులో ఎత్తిపొడుపు లేదు. తన సరుకు, ఎదుటివాడి సరుకు పక్కపక్కన పెట్టి చూసినట్టు అన్నాడు. "మీకు కబురు చెప్పాల్సినవాళ్ళు ఇంకెవరున్నారు?"

"కూతురుంది. ఆదివారం ఆదివారం ఫోన్ చేస్తుంది. అంతా క్షేమం నాన్నా అంటుంది."

"రెండు చేతులా రాసే పాపేనా?"

"నీకింకా గుర్తుందా?"

"ఆ ప్రయాణంలో నేనేసిన జోకులన్నీ గుర్తే సార్." గ్లాసు కింద పెట్టాడు. "మరి ఇక్కడ కూర్చుని ఏం చేస్తున్నారు? టీ తాగి బండెక్కండి."

ముందు చెప్పకుండానే కూతురింటికి వెళ్ళాడు. కూతురు తలుపు తీసి, "నాన్నా! ముందే చెప్తే స్టేషనుకు వచ్చేదాన్నిగా" అంది. సబ్‌మెరీన్లో పెరిస్కోప్ పైకెత్తితే ఒక్క చుట్టు చూసి దించేయాలి, చూసిందంతా మనసులో ఉంచుకోవాలి. ఆయన గుమ్మంలో నిలబడే ఆ ఒక్క చుట్టూ చూశాడు. చెప్పుల బల్ల మీద ఆమె చెప్పులే ఉన్నాయి. గోడ మీద టీవీ ఉండాల్సిన చోట నాలుగు మేకులున్నాయి. లోపల మంచం మీద ఒక పక్క ఉతికిన బట్టలు గుట్టగా పోసి ఉన్నాయి. అక్కడ ఎవరూ పడుకుని చాలా రోజులైంది.

"అల్లుడేడమ్మా?"

"ఆఫీసు పని మీద ఊరెళ్ళారు. వచ్చే వారం వస్తారు. మీరు కూర్చోండి, టీ పెడతాను."

కూర్చోలేదు. ఆమె వెనకే వంటింట్లోకి వెళ్ళాడు. చూసింది చెప్పేయొచ్చు. కానీ ఆయన వచ్చింది కనిపెట్టడానికి కాదు.

"టీ తర్వాత. నాకు చెప్పమ్మా."

"ఏం చెప్పాలి? అంతా..."

"ఆ మాట అనకు."

ఆమె గిన్నె పొయ్యి మీద పెట్టి, వెలిగించకుండా అలాగే నిలబడింది. తర్వాత ఒక్కసారిగా ఇటు తిరిగింది.

"చెప్పొద్దన్నది మీరు నాన్నా. చెప్పకుండా ఉండటం ఎంత చాకిరీయో మీకేం తెలుసు? పొద్దున అమ్మని ఆసుపత్రికి తీసుకెళ్ళేదాన్ని. అక్కడ వాంతులు తుడిచేదాన్ని. సాయంత్రం మీ ముందు కూర్చుని సినిమా కథలు చెప్పేదాన్ని. ఆ సినిమాలు నేను చూడనే లేదు. బస్సులో పేపరు చూసి బట్టీ పట్టేదాన్ని. మీకు చెప్పేద్దామమ్మా అంటే, వద్దే, ఆయనకి అలవాటు లేదు అనేది."

ఆయన తల దించుకుని విన్నాడు. గరిటె అడిగినప్పుడు కోపం తెచ్చుకున్నాడు, ఇప్పుడు అది రాలేదు.

"అలవాటు చేసుకుంటాను" అన్నాడు చివరికి. "ఆలస్యమైంది. మీ అమ్మకి పనికిరాదు. అయినా చేసుకుంటాను."

ఆమె పొయ్యి ముందు నుంచి జరిగి గోడకు ఆనుకుంది. "వెళ్ళిపోయారు నాన్నా. అమ్మ పోకముందే. వేరే ఇల్లు తీసుకున్నారు. విడాకుల కాగితాలు పంపారు, సంతకం పెట్టాలి."

ఏదో ఒకటి ఆదేశించాలని ఆయన నోరు తెరిచాడు. ముప్ఫై ఏళ్ళ అలవాటు. వకీలు, బ్యాంకు, వాడితో నేను మాట్లాడతా, అన్నీ నాలుక చివరిదాకా వచ్చాయి. మింగేశాడు. "నన్నేం చేయమంటావమ్మా?" అన్నాడు.

"ఏం చేయొద్దు. వినండి చాలు."

విన్నాడు. ఆమె టీ పెడుతూ చెప్పింది, టీ తాగుతూ చెప్పింది. మధ్యలో ఏడ్చింది, ఒకచోట నవ్వింది కూడా. అంతా అయ్యాక ఆయన ఖాళీ కప్పు పట్టుకుని, "ఇంకా ఏమున్నాయి నాకు చెప్పనివి?" అని అడిగాడు.

"ఎక్కడ్నుంచి మొదలుపెట్టమంటారు?" ముక్కు తుడుచుకుంటూ అంది. "మన కుక్కని తోటవాళ్ళకి ఇవ్వలేదు, తెలుసా?"

"ఇప్పుడు తెలిసింది."

"పెద్ద లిస్టే ఉంది నాన్నా. నాకు ఏడేళ్ళప్పుడు మేడమెట్ల మీంచి పడ్డాను. చెయ్యి విరిగింది. మీరొచ్చేసరికి కట్టు విప్పేశారు."

ఆయనకు స్పీకరూ, ఘొల్లుమన్న నవ్వులూ, వంటగూట్లోంచి బయటికొచ్చిన గుండ్రటి తలా గుర్తొచ్చాయి.

"కుడిచెయ్యి" అన్నాడు.

"ఎవరు చెప్పారు మీకు?"

"మీ అమ్మే చెప్పింది. నేనే వినలేదు."

కప్పు కింద పెట్టి కూతురి కుడిచెయ్యి అందుకున్నాడు. ఇన్నేళ్ళ కింద అతికిన ఎముక ఇప్పుడేం తగులుతుంది? అయినా మోచేతి దగ్గర బొటనవేలితో నొక్కి చూశాడు.

"ఇక్కడా?"

"కాదు, ఇంకొంచెం పైన."